మెట్ల మలుపు

"ఆగండర్రా, ఆగండి! గోడకి గీసుకుంటోంది!" అని కిందనుంచి కేకేశారు బుచ్చిబాబుగారు.

ఆగమని ఆయన చెప్పాలా? పెట్టె ఎప్పుడో ఆగింది. ఒక మూల ఈ గోడకీ, ఇంకో మూల ఆ గోడకీ ఆని మెట్ల మలుపులో బిగుసుకుపోయింది. పైవైపు ఆయన కొడుకు సుధన్వ, కిందివైపు కోడలు ఉమాశ్రీ. మొగుడూ పెళ్ళాల మధ్య నాలుగడుగుల పది అంగుళాల అట్టపెట్టె. దాని వెనక అతని ముఖం ఆమెకి కనబడటం లేదు. పెట్టె అంచు పట్టుకున్న వేళ్ళు మాత్రం కనబడుతున్నాయి.

"కొంచెం ఏటవాలుగా తిప్పితే వెళ్ళిపోతుంది" అన్నాడు సుధన్వ.

"వీల్లేదు. బాణం పైకే ఉండాలని రాశాడు."

"రెండు నిమిషాలు వంచితే ఏమీ కాదు నాన్నా."

"కాకపోతే వాడెందుకు రాస్తాడురా? నాలుగువైపులా రాశాడు. ఒక్కవైపు రాసుంటే పొరపాటున రాశాడనుకోవచ్చు."

ముప్పై ఆరేళ్ళు కలెక్టరాఫీసులో పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. కాగితం మీద రాసినదాన్ని కాదనడం ఆయన వల్ల కాదు. ఇప్పుడు అట్టపెట్టె మీద రాసినదాన్ని కూడా.

"పోనీ పెట్టె ఇక్కడే విప్పేసి, మానిటర్ ఒక్కటే పైకి తీసుకెళ్తాను."

"సీలు కంపెనీ మనిషే, అదీ బిగించే గదిలోనే విప్పాలి. నాలుగింటికి వస్తానన్నాడుగా? ముందే విప్పితే వారంటీ లేదని బిల్లు వెనకాల ఉంది. చదివి వినిపించనా?"

"వద్దు నాన్నా, వద్దు."

ఉమాశ్రీకి చేతులు లాగుతున్నాయి, మెడ మీంచి చెమట కారుతోంది. అయినా లోపల ఎన్నాళ్ళకో ప్రాణం కాస్త కుదుటపడింది. పట్టలేదు. అనుకున్నట్టే పట్టలేదు.

ఆ సంగతి ఆమెకి పది రోజుల కిందటే తెలుసు. మలుపు వెడల్పు ముప్పై అంగుళాలు. పైన శ్లాబు ఎత్తు అయిదడుగుల రెండు. డాబా మీద ఒంటిగది వేసినప్పుడు స్థలం కలిసొస్తుందని బుచ్చిబాబుగారు ఆ మెట్లు ఇంత ఇరుకుగా కట్టించారు. ఆ ఇంట్లో ఎంత గొప్పవాళ్ళైనా తల వంచుకునే పైకి వెళ్ళాలి.

సుధన్వ బల్ల ముక్కలుముక్కలుగా విడిపోయి పైకి వెళ్ళిపోయింది. కుర్చీ వెళ్ళింది. పై గదికి ఏసీ వచ్చింది. నిన్న పొద్దున్న పక్క దులుపుతుంటే మంచం మీద ఒకటే దిండు ఉంది. రెండోది ఏమైందా అని ఇల్లంతా వెతికింది, పిచ్చిది. అది కూడా పైకి వెళ్ళిందని తట్టడానికి చాలాసేపు పట్టింది.

ఇక మిగిలింది ఈ మానిటర్ ఒక్కటే. ఇది పైకి చేరిందంటే ఆ మనిషి అన్నానికి తప్ప కిందకి దిగడు. కొన్నాళ్ళు పోతే అన్నం కూడా పైకే పంపమంటాడు. ఒకే ఇంట్లో, ఒకే కప్పు కింద, ఆమె ఒంటరిదైపోతుంది. ఆమె భయమల్లా అదే.

ఇంతకీ గొడవ ఎంత? వింటే నవ్వుతారు.

ఇద్దరివీ కంప్యూటర్ ఉద్యోగాలే. ఆమెది హైదరాబాదు కంపెనీ, అతనిది బెంగళూరు కంపెనీ. ఉండేది మాత్రం బందరులో, ఈడేపల్లి ఇంట్లో. ముందుగదిలో ఎదురెదురుగా రెండు బల్లలు వేసుకుని అయిదేళ్ళ నించీ అక్కణ్ణించే పని. మొదట్లో అదో సంబరం. టీ ఎవరు పెట్టాలని పోట్లాడుకునేవారు. మీటింగులో ఉండి ఒకరినొకరు నవ్వించాలని చూసేవారు. తరవాత ఎప్పుడు మొదలైందో ఏమో, అతని చెవులకి హెడ్‌ఫోన్లు అతుక్కుపోయాయి. పగలు ఆఫీసు, సాయంత్రం ఆట. గుడివాడలో ఇంజనీరింగ్ చదివినప్పటి స్నేహితులు నలుగురు, నాలుగు ఊళ్ళలో ఉన్నారు. అందరూ ఆరు దాటగానే ఒకే ఆటలో కలుసుకుంటారు. అందులో తుపాకులు పేలుతుంటాయి, ఇక్కడ ఇతను పొట్ట పట్టుకుని నవ్వుతుంటాడు.

ఆ నవ్వు ఉమాశ్రీకి బాగా తెలుసు. పెళ్ళైన కొత్తలో అది ఆమెదే. ఇప్పుడు నాలుగడుగుల దూరంలో కూర్చుని, తెర పైనుంచి అతని నుదురూ ఆ హెడ్‌ఫోను పట్టీ చూస్తూ, ఎవరి మాటకో అతను నవ్వుతుంటే వింటుంది.

"తిందామా?" అని ఫోనులో మెసేజి పెడుతుంది, ఎదురుగా ఉన్న మనిషికి. బొటనవేలు బొమ్మ వస్తుంది.

ఒకరోజు ఏం తోచిందో, పొద్దున్నించీ తనతో అతను ఎన్ని మాటలన్నాడో లెక్కపెట్టింది. పదకొండు. అందులో రెండు 'ఊఁ'లు. ఆ సాయంత్రం లేచి వెళ్ళి వైఫై డబ్బా స్విచ్చి కట్టేసింది. అంతే. అరవలేదు, ఏడవలేదు. ఆటలో వాళ్ళ జట్టు ఆఖరి రౌండులో ఉందట, గెలిచేవాళ్ళట. సుధన్వ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి ఆమె వైపు చూశాడు.

"ఇలా అయితే నేను పై గదికి మారిపోతాను" అన్నాడు.

"మారిపోండి" అంది ఆమె. ఎందుకందో ఆమెకే తెలీదు.

తెల్లారేసరికి పై గది కడిగించాడు. అది జరిగి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు.

పాత మానిటర్ పైకి వెళ్ళలేదు. ఉప్పుగాలికి లోపల ఏదో పాడై, తెర నిండా నిలువుగీతలు పడ్డాయి. కొత్తది కొంటానన్నాడు. ముప్పై రెండు అంగుళాలది, ఆటకి అదే బెస్టట. ఆ మాట వినగానే ఉమాశ్రీ చూపు మెట్ల వైపు పోయింది. ముప్పై రెండు అంగుళాల పెట్టెని అతను చంకలో ఇరికించుకుని మెట్లెక్కేస్తాడు.

ఆమెని కాపాడింది మావగారి రూలు. ఆ ఇంట్లో మిక్సీ కొన్నా, సీలింగు ఫ్యాను కొన్నా మూడు కొటేషన్లు రావాలి, గళ్ళు గీసి కంపారిటివ్ స్టేట్‌మెంటు తయారుకావాలి, ఆయన పచ్చ ఇంకుతో సంతకం పెట్టాలి. సొంత జీతాలతో కొనుక్కునేదైనా సరే.

"వస్తువు కావాలన్నవాడు స్టేట్‌మెంటు తయారుచెయ్యకూడదు, అదీ రూలు" అన్నారు ఆయన. "అమ్మాయ్, నువ్వు చెయ్యి."

అలా ఆమె కాగితం, పెన్నూ పట్టుకుని భోజనాల బల్ల దగ్గర అతని ఎదురుగా కూర్చుంది.

"రోజుకి ఎన్ని గంటలు పని? ఎన్ని గంటలు ఆట?"

"ఎందుకు?" అన్నాడు సుధన్వ అనుమానంగా.

"ఇక్కడ కాలమ్ ఉంది."

"తొమ్మిది గంటలు పని. మూడు... సరే, నాలుగు గంటలు ఆట."

రాసుకుంది. "అయితే ఓఎల్ఈడీ తెర వద్దేమో. రోజంతా అవే ఎక్సెల్ గళ్ళు, కింద అదే పట్టీ కదలకుండా ఉంటే వాటి మరక తెర మీద అలాగే ఉండిపోతుందటగా?"

అతను తలెత్తాడు. "బర్నిన్ అంటారు దాన్ని. నీకెలా తెలుసు?"

"చదివాను."

"నిజమే. పైగా కొన్నిట్లో అక్షరాల అంచులు రంగురంగులుగా కనబడతాయి. రోజంతా కోడు చదివేవాడికి కళ్ళు పోతాయి. కానీ ఆ నలుపు ఉంది చూశావూ..." కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "ఆటలో చీకటిగది వచ్చిందనుకో. మామూలు తెర మీద అది బూడిదరంగే. ఓఎల్ఈడీలో కరెంటు పోయినట్టే ఉంటుంది. మూల ఎవడైనా నక్కి ఉంటే వాడి ఊపిరి వినాల్సిందే, కనబడడు."

"మరి ఈ రెండొందల నలభై హెర్ట్జులేంటి?"

"సెకనుకి రెండొందల నలభై బొమ్మలు."

"మన కళ్ళు అన్ని చూస్తాయా?"

"కళ్ళకి తెలీదు. చేతికి తెలుస్తుంది." ఉప్పు సీసా ఒక చేత్తో, పచ్చడి జాడీ ఇంకో చేత్తో పట్టుకున్నాడు. "ఇది నేను, ఇది వాడు. నేను మౌసు ఇలా కదిపేసరికి..." అంటూ సీసాని జాడీ చుట్టూ తిప్పాడు. ఉప్పు ఒలికింది. ఇద్దరూ నవ్వారు.

ఆ నవ్వు విని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి ఉమాశ్రీకి. వంటింట్లోకి గుడ్డ కోసం వెళ్ళినట్టు వెళ్ళి, కళ్ళు తుడుచుకుని వచ్చింది.

మూడు రోజులు సాగింది ఆ స్టేట్‌మెంటు. ఒక్క పూటలో అయ్యేదాన్ని ఆమే సాగదీసింది. కళ్ళకి ఏది మంచిది, వెనకాల ఎన్ని కేబుళ్ళు పడతాయి, ఎండ పడితే మెరుస్తుందా, స్టాండు కిందకి దిగుతుందా? కొత్త కాలమ్ గీసినప్పుడల్లా అతను ఇంకో గంట కూర్చునేవాడు. ఆ కాగితం ఎప్పటికీ పూర్తవకపోతే బాగుండునని ఆమెకి అనిపించింది.

రెండో రోజు ఆమె యాభై ఏడు అంగుళాలది చూపించింది. ముప్పై రెండు అంగుళాల ఫోర్‌కే తెరలు రెండు, మధ్యలో గీత లేకుండా పక్కపక్కన అతికించినంత వెడల్పు. వంపు తిరిగి ఉంటుంది. ఓఎల్ఈడీ కాదు కాబట్టి మరకల భయం లేదు.

"అమ్మో" అన్నాడు సుధన్వ. "నా గ్రాఫిక్స్ కార్డు దీన్ని లాగుతుందా?"

మర్నాడు ఆమె పోపు వేస్తుంటే వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "లాగుతుంది ఉమా! చూశాను, లాగుతుంది!" అన్నాడు. ఆ గుమ్మంలోకి అతను వచ్చి ఎన్ని నెలలైందో!

ఆ మధ్యాహ్నమే, అతను మీటింగులో ఉండగా ఆమె టేపు పట్టుకుని మెట్లెక్కింది. కంపెనీ పేజీలో అందరూ పైన రాసిన గొప్పలు చదువుతారు. ఆమె అట్టడుగుకి వెళ్ళి పెట్టె కొలతలు చదివింది. పొడవు యాభై ఎనిమిది అంగుళాలు. ఆఖరి కాలమ్ అదే గీసింది.

"శభాష్ అమ్మాయ్! ఇన్నేళ్ళ సర్వీసులో ఈ పెట్టె కొలతల కాలమ్ నాకు తట్టలేదు" అని మురిసిపోయి సంతకం పెట్టారు బుచ్చిబాబుగారు. ఎందుకని ఆయన అడగలేదు. అడిగుంటే ఏం చెప్పేదో!

మోసమే. ఆ మాట ఆమె తనతో తనే చాలాసార్లు అనుకుంది.

ఇదిగో, ఆ పెట్టె ఇప్పుడు ఇక్కడ ఇరుక్కుంది.

మెల్లగా వెనక్కి దించుకొచ్చి మెట్ల కింద హాల్లో పెట్టారు. బుచ్చిబాబుగారు ఎవరికో ఫోను చేస్తానని పెరట్లోకి వెళ్ళారు. సుధన్వ మళ్ళీ పైకెక్కి మలుపులో కూలబడ్డాడు. ఉమాశ్రీ మంచినీళ్ళు తీసుకెళ్ళి, రెండు మెట్ల కింద కూర్చుంది.

"ఏవండీ, ఒక మాట."

"చెప్పు."

"ముందుగదిలోనే పెట్టేద్దాం. దీనికి రెండు కంప్యూటర్లు ఒకేసారి తగిలించొచ్చుగా. ఎడమ సగం మీది, కుడి సగం నాది. పక్కపక్కన కూర్చుందాం."

"ఇద్దరికీ మీటింగులు."

"నాది వచ్చినప్పుడు నేను వంటింట్లోకి వెళ్ళి మాట్లాడతాను."

"మరి సాయంత్రం నా ఆట?"

"ఆడండి. నేను చూస్తాను. ఎవరు ఎవర్ని కాలుస్తున్నారో నాకు కూడా చెప్పండి."

"నీకు అర్థం కాదు ఉమా."

"చెప్తే అవుతుంది. ఆ నలుపు గురించి చెప్తే అర్థమైందిగా?"

అతను చిన్నగా నవ్వాడు. గ్లాసు ఖాళీ చేసి గోడకి తల ఆనించాడు. సరే అంటాడనిపించింది ఆమెకి. గొంతు దాకా వచ్చింది ఆ సరే, ఆమెకి కనబడింది.

అప్పుడు అతని చూపు ఎదుటిగోడ మీద ఆగింది.

సున్నం మీద పెన్సిలు అంకెలు. 30. దాని కింద 62. పక్కన 58, దాని కింద రెండు అడ్డగీతలు. తుడపడం మర్చిపోయింది. ఎన్ని జాగ్రత్తలు తీసుకుని, అది మర్చిపోయింది.

"ఇవి నీ అంకెలు" అన్నాడు సుధన్వ.

ఆమె ఖాళీ గ్లాసు అందుకుని పక్కన పెట్టింది.

"ఎప్పుడు కొలిచావు?"

ఇవాళ పొద్దున్న అని చెప్పొచ్చు. నాలిక చివరిదాకా వచ్చింది. "కొనకముందు" అంది.

"యాభై ఎనిమిదంటే?"

"పెట్టె పొడవు."

అతను వేలితో ఆ రెండు అడ్డగీతలూ తడిమాడు.

"అయితే పట్టదని తెలిసే ఇది కొనిపించావు."

"తెలిసే."

"మూడు రోజులు నా ఎదురుగా కూర్చుని అవన్నీ అడిగింది దీనికోసమా?"

"కాదు. అవి నిజంగానే అడిగాను."

"నేనెంత పొంగిపోయానో తెలుసా నీకు?" అన్నాడు. "ఈ ఇంట్లో నా మాట ఒకళ్ళు కూర్చుని విని ఎన్నాళ్ళైందో. నేను మాట్లాడితే నువ్వు నా నెత్తి వైపు చూస్తావు, నాన్న రూలు చెప్తారు. అందుకే వాళ్ళతో ఆడుకుంటాను. వాళ్ళైనా వింటారని. ఆ మూడు రోజులూ నువ్వు విన్నావనుకున్నాను."

ఉమాశ్రీ నిర్ఘాంతపోయింది. ఇన్నాళ్ళూ ఒంటరిది తనొక్కతే అనుకుంది. ఎదుటి బల్ల దగ్గర కూర్చున్న మనిషి కూడా అదే పడుతున్నాడని ఒక్కనాడూ అనుకోలేదు.

"విన్నానండీ. నేను కూడా మీ అంత పొంగిపోయాను" అంది.

"పైకి వెళ్ళొద్దని నన్ను అడగొచ్చుగా? ఒక్కమాట."

"ఎలా అడగను? చెవుల మీద అవి పెట్టుకుంటారు. తీసినప్పుడల్లా కోపంగా ఉంటారు."

ఒక మెట్టు కిందకి జరిగితే అతని మోకాలు ఆమె భుజానికి తగిలేది. అతను జరగలేదు. కానీ ముందుకి వంగాడు.

"ఉమా, నేను..."

"దొరికింది! దొరికింది మార్గం!" అంటూ బుచ్చిబాబుగారు హాల్లోకి పరిగెత్తుకొచ్చినంత పని చేశారు. ముఖం వెలిగిపోతోంది. "మాణిక్యానికి ఫోను చేశాను. గిలకలదిండి మాణిక్యం. వాడి పడవ రిజిస్ట్రేషను కాగితాలు నేనేగా చూసిపెట్టాను. పెరటివైపు నించి గిలక వేసి డాబా మీదకి ఎత్తేస్తాడట! పెట్టె వంచక్కర్లేదు, విప్పక్కర్లేదు. ఏరా, రమ్మననా?"

ఏ ఫైలైనా ఆగిందంటే దాన్ని కదిపేదాకా ఆయనకి తోచదు. కొడుకూ కోడలూ ఎక్కడ ఆగిపోయారో ఆయనకేం తెలుసు?

ఉమాశ్రీది ఈ ఊరు కాదు. గుడివాడలో పుట్టి పెరిగిన మనిషి. మెట్లు కొలిచింది, శ్లాబు కొలిచింది. సముద్రం పక్క ఊళ్ళో తాళ్ళతో బరువులెత్తేవాళ్ళు ఫోను చేస్తే వస్తారని ఆమె లెక్కలోకే రాలేదు.

ఆమె భర్త వైపు చూసింది. సుధన్వ గోడ మీద అంకెల్నే చూస్తున్నాడు.

"రమ్మనండి నాన్నా" అన్నాడు. లేచి, తల వంచుకుని పైకి వెళ్ళిపోయాడు.

పదకొండు గంటలకి మాణిక్యం మోపెడ్ మీద దిగాడు. భుజాన మోకు, వెనక సీటు మీద పాత వల చుట్ట, ముందు ఒక ఇనప గిలక. పాలకాయతిప్ప వైపు వేటకి వెళ్ళి ముందురోజే ఒడ్డుకొచ్చాడట, కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"ఇదేంటండీ సూపర్నెంటుగారూ, టీవీయా?"

"మానిటర్. మా వాడి ఆఫీసు పనికీ, ఆటకీనూ."

"ఇంత తెర మీద ఆడితే ఇంక ఇంట్లో మనుషులేం కనపడతారండీ" అని నవ్వాడు మాణిక్యం. ఎవరూ నవ్వలేదు.

డాబా పిట్టగోడ మీంచి సరుగుడు దుంగ బయటికి వేసి, దాని చివర గిలక కట్టాడు. కిందకి వచ్చి పెట్టెని పెరట్లోకి తెప్పించి, చుట్టూ వల నాలుగు మడతలు చుట్టి, నాలుగు మూలలా ముళ్ళు వేశాడు.

"బాణం పైకే ఉండాలి" అన్నారు బుచ్చిబాబుగారు.

"పైకే ఉంటాదండి. ఐసుపెట్టెలు ఎత్తుతాం, ఇంజన్లు ఎత్తుతాం. ఇదెంతండీ." పెట్టె నడుముకి ఇంకో సన్నతాడు కట్టాడు. "నేనూ అబ్బాయిగారూ పైనించి లాగుతాం. ఈ తాడు మటుకు కింద ఒకళ్ళు పట్టుకోవాలండి. గాలికి పెట్టె తిరిగి గోడకి కొట్టుకోకుండా ఇవతలికి లాగి ఉంచాలి. నే చెప్పినప్పుడు వదలాలి. ఎవరు పట్టుకుంటారు?"

బుచ్చిబాబుగారికి భుజం నొప్పి. ఆయన కోడలి వైపు చూశారు.

"ఇలా ఇవ్వండి" అంది ఉమాశ్రీ.

మోకు బిగిసింది. పెట్టె నేల మీంచి లేచింది. పెరట్లో సముద్రపు గాలి తెరలు తెరలుగా వస్తోంది. పెట్టె ఒకసారి గిర్రున తిరగబోయింది. ఆమె కాళ్ళు తన్నిపెట్టి లాగింది, పెట్టె నిలబడింది. వంటింటి కిటికీ దాటింది. సన్‌షేడు దగ్గర గోడ వైపు జారబోతే నాలుగడుగులు వెనక్కి నడిచి ఆపింది.

"బాగా పట్టారమ్మా! పడవలో పనిచెయ్యొచ్చు మీరు!" అని పైనించి అరిచాడు మాణిక్యం.

ఎంత బాగా పట్టింది! ఒక్క మూల కూడా గోడకి తగల్లేదు. ఏది జరక్కూడదని ఇన్ని కొలతలు కొలిచిందో, అది తన చేతులతో తనే చేస్తోంది. ఏడుపొచ్చింది ఆమెకి. తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.

పెట్టె పిట్టగోడ ఎత్తుకి చేరింది.

"ఇంక వదిలెయ్యండమ్మా, లోపలికి లాక్కుంటాం!"

ఆమె వదల్లేదు.

"వదలండమ్మా!"

తాడు బిగిసే ఉంది. పెట్టె లోపలికీ పోక, కిందకీ రాక, గాల్లో ఊగుతోంది. "అమ్మాయ్" అని ఏదో చెప్పబోయారు బుచ్చిబాబుగారు. కోడలి ముఖం చూసి ఆగిపోయారు. పెట్టె కొలతల కాలమ్ అప్పుడు గుర్తొచ్చిందో ఏమో, కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకున్నారు.

పిట్టగోడ మీంచి సుధన్వ తొంగిచూశాడు.

"ఉమా, తాడు వదులు."

"వదలను. ముందు ఒకటి చెప్పండి."

"ఏంటి?"

"మెట్ల మీద నన్ను పిలిచారు. 'ఉమా, నేను' అని ఆగిపోయారు. ఏం చెప్పబోయారు?"

పక్కింటి డాబా మీద బట్టలారేస్తున్న ఆవిడ చెయ్యి ఆపి ఇటు చూసింది. చూడనీ.

"అది చెప్పండి. అది విని వదిలేస్తాను. మీరు పైనుంటానంటే పైనే ఉండండి, నేను మళ్ళీ అడగను."

"బాబూ, చేతులు పీకుతున్నాయి, ఏదోటి చెప్పెయ్యండి" అన్నాడు మాణిక్యం. చెప్పేలా లేడని మోకుని పిట్టగోడ ఇనప ఊచకి నాలుగు చుట్లు చుట్టి ముడేశాడు.

సుధన్వ ఆమెని చూస్తున్నాడు. ఈ పంతొమ్మిది రోజుల్లో అతను ఆమెని అంతసేపు చూడలేదు. పెదవులు కదిలాయి. ఏం వినబడలేదు. గాలి మింగిందో, అతనే మింగాడో!

తరవాత పిట్టగోడ మీంచి అతని తల మాయమైంది.

వలలో పెట్టె ఊగుతూ కిర్రుమంటోంది. ఆ తరవాత ఇంట్లోంచి, మెట్ల మీద అడుగుల చప్పుడు. దిగుతున్నాడు. గబగబా దిగుతున్నాడు. మలుపు దగ్గర ఆ చప్పుడు ఆగిపోయింది.

చెప్పడానికి వస్తున్నాడో, చేతిలోంచి తాడు లాక్కోడానికి వస్తున్నాడో ఆమెకి తెలీదు. ఆ గోడ మీది అంకెల ముందు ఎందుకు ఆగాడో తెలీదు.

ఉమాశ్రీ తాడుని చేతికి ఇంకో చుట్టు చుట్టుకుని, వంటింటి పెరటిగుమ్మం వైపు చూస్తూ నిలబడింది.